నెయ్యి సేటు ముక్కు

మా ఆపరేషన్ థియేటర్ నర్సు, మేమందరం సిస్టర్ అని పిలిచే ఆమె, పోయిన పది రోజులకు వాళ్లింట్లో ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నావైపు చూసి, ఆమెతో ఇరవై ఏళ్లు పనిచేశారు కదా, నాలుగు మాటలు చెప్పండి అన్నారు. లేచాను. "మంచి మనిషి" అన్నాను. కూర్చున్నాను. నాకు మొదటినుంచీ మాట్లాడటం రాదు. మత్తు డాక్టర్‌ని కావడానికి అదీ ఒక కారణం అనుకుంటాను. మా పేషెంట్లు ఎక్కువగా మాట్లాడరు.

భోజనాల దగ్గర ఇద్దరు కుర్ర డాక్టర్లు నా పక్కన చేరారు. ఇద్దరూ ఈమధ్యే మత్తు డాక్టర్లయినవాళ్లు. "సార్, ఎవరో పెద్ద మత్తు డాక్టరు చేసిన తప్పును సిస్టర్ పట్టుకున్నారట. ఎవరు సార్ ఆయన?" అని అడిగారు. ఆ కథ సిస్టరే వాళ్లకు చెప్పిందట. నర్సింగ్ పిల్లలకూ చెప్పేదట. పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదట. అప్పట్లో బొంబాయి రోడ్డు మీద సంచి పట్టుకుని తిరిగే మత్తు డాక్టరు నేనొక్కణ్నే కాబట్టి, పేరు చెప్పాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

వాళ్లకు సగం చెప్పేసరికి విస్తళ్లు తీసేశారు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. మత్తు డాక్టరుకు అప్పుడు సొంత ఆసుపత్రి ఉండేది కాదు. స్కూటరే ఆసుపత్రి. కాళ్ల దగ్గర పెద్ద సంచిలో మందులు, గొట్టాలు, బీపీ మిషను. పొద్దున రామచంద్రాపురంలో ఒక సిజేరియన్, పదకొండింటికి పటాన్‌చెరులో ఒక హెర్నియా, మధ్యాహ్నం సంగారెడ్డిలో ఎవరిదో విరిగిన కాలు. బొంబాయి రోడ్డు మీద లారీల మధ్య ఆ సంచితో ఎన్నివేల సార్లు తిరిగానో. ఒకచోట కేసు ఆలస్యమైతే మిగిలిన రెండుచోట్లా పేషెంట్లు పరగడుపున కూర్చుని నన్ను తిట్టుకునేవారు. అందుకని నాకు తొందర అలవాటైంది. ఈ కథలో ఆ తొందర కూడా ఉంది.

పటాన్‌చెరులో నేను ఎక్కువగా వెళ్లే నర్సింగ్ హోమ్ రోడ్డుకు కొంచెం లోపల ఉండేది. రెండంతస్తులు. వెనకంతా ఫ్యాక్టరీలు. గాలి అటునుంచి తిరిగిందంటే వచ్చే వాసన ఎట్లా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం. కుళ్లిన గుడ్డు, కాలిన రబ్బరు, ఏదో తీపి, మూడూ కలిసి వచ్చేవి. బస్సులో నిద్రపోయేవాళ్లు కూడా ఆ వాసనకు లేచి, పటాన్‌చెరు వచ్చిందని సంచులు సర్దుకునేవారు. మా పై వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్కన ఉన్న మంచం ఎవరూ తీసుకునేవారు కాదు. అన్నీ నిండితేనే అది.

అక్కడి ఈఎన్‌టీ డాక్టరు నాకంటే పదేళ్లు చిన్నవాడు. ముక్కులోకి పెన్సిలంత సన్నటి ఎండోస్కోప్ పంపి, దానిలోంచి చూస్తూ సైనస్ ఆపరేషన్ చేసే పద్ధతి కొత్తగా నేర్చుకుని వచ్చాడు. టీవీ తెర లాంటిదేమీ లేదు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గొట్టానికి ఆనించి గంటసేపు వంగి నిలబడేవాడు. బయటికొచ్చి చాయ్ తాగేటప్పుడు కూడా ఆ కన్ను కాసేపు మూసుకునే ఉండేది. కొత్తగా వచ్చిన ఆయమ్మ ఒకామె, డాక్టరుగారు తనకు కన్ను కొడుతున్నాడని సిస్టర్‌కు ఫిర్యాదు చేసింది.

ఆ ఆపరేషన్ గురించి మీకు ఒక్క సంగతి తెలిస్తే చాలు. అక్కడ ఒక్క చుక్క రక్తం గొట్టం చివర పడితే మొత్తం ఎర్రగా కనిపిస్తుంది, అంతే. పక్కన కన్ను, పైన మెదడు. కనిపించకపోతే కోయకూడదు. పేషెంట్‌కు పూర్తి మత్తు ఇచ్చేవాళ్లం కాదు, కొంచెం జోగేటట్టు ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కు వరకే తిమ్మిరి ఎక్కించేవాళ్లం. తిమ్మిరి మందులో, రక్తనాళాలను బిగించే మందులో తడిపిన గుడ్డ పట్టీలను ముక్కులో పెట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి. తల ఎత్తుగా ఉంచాలి. పేషెంట్‌కు నొప్పి తెలిస్తే బీపీ పెరుగుతుంది. బీపీ పెరిగితే రక్తం వస్తుంది. రక్తం వస్తే పని ఆలస్యమై తిమ్మిరి దిగిపోతుంది, మళ్లీ నొప్పి. ఈ చక్రం మొదలు కాకుండా చూడటం నా పని. అప్పటికి డజనుకు పైగా కేసులు బాగా జరిగాయి. "నా చేతికిస్తే ముక్కు పొడిగా ఉంటుంది" అని ఒకటి రెండు చోట్ల అన్నాను కూడా.

సిస్టర్ ఆ మాట విని తన పట్టీలు ఇంకోసారి లెక్కపెట్టుకుంది. ఆమెకు అప్పటికి యాభై దగ్గర. మెదక్ వైపు మనిషి. ముక్కులో పెట్టిన ప్రతి పట్టీకీ ఒక దారం తోక ఉంచేది. లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు పైకే లెక్కపెట్టేది. ఎవరు మాట్లాడుతున్నా ఆ లెక్క ఆగేది కాదు.

ఇగ సేటు సంగతి. సంగారెడ్డి పాత బజారులో ఆయనది కిరాణా దుకాణం, తాత కాలం నాటిది. అన్నీ అమ్మేవాడు గాని పేరు మాత్రం నెయ్యికి. అంగడి రోజు చుట్టుపక్కల ఊళ్లనుంచి ఆడవాళ్లు గిన్నెల్లో నెయ్యి తెచ్చేవారు. సేటు ఒక చుక్క తీసుకుని ఎడమ చేతి వెనక రుద్ది, వాసన చూసి, దూలం వైపు చూసి తీర్పు చెప్పేవాడు. పాత వెన్నా, కొత్త వెన్నా, మాడిందా, డాల్డా కలిసిందా అన్నీ చెప్పేవాడు. ఆ తీర్పుకు తిరుగు లేదు. పెళ్లిళ్లకు జోగిపేట, సదాశివపేట నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆ మనిషికి వాసన పోయింది. ముక్కు దిబ్బడ, తలనొప్పి రెండేళ్లుగా ఉన్నాయట. వాసన ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. సామానుకు హైదరాబాద్ పోతూ బస్సులో జామకాయ తింటున్నాడట. పటాన్‌చెరు దగ్గర బస్సంతా కర్చీఫులు, కొంగులు ముక్కుకు పెట్టుకుంది. ఆయన తింటూనే ఉన్నాడు. పక్కనాయన చూసి, "అది ముక్కా, గోడనా?" అన్నాడట. ఆ రోజు తెలిసింది.

ఇంటికొచ్చి భార్యకు ఒక్కదానికే చెప్పాడు. ఆమె ఉపాయం ఆలోచించింది. అంగడి రోజున దుకాణంలో ఆయన వెనక, పప్పు బస్తా మీద కూర్చునేది. ఆయన నెయ్యి చేతికి రుద్దుకుని, ఈగను తోలుతున్నట్టు ఆ చెయ్యి వెనక్కి ఊపేవాడు. ఆమెకు వాసన అందేది. ఒకసారి దగ్గితే మంచిది. రెండుసార్లు దగ్గితే వద్దు. ఆయన దూలం వైపు చూసి తీర్పు చెప్పేవాడు. ఏడాది పాటు ఎవరికీ అనుమానం రాలేదు.

వానాకాలంలో ఆమెకు జలుబు చేసింది. వాసన తెలియలేదు, దగ్గు ఆగలేదు. ఆ అంగడి రోజు సేటు, తన తండ్రి కాలం నుంచి నెయ్యి పోసే ఒక ముసలామె గిన్నెను వద్దన్నాడు. ఆమె ఎదురు దుకాణానికి పోయింది. ఇంకెవరిదో పాత నెయ్యి తీసుకుని, ఒక తొట్టెల ఫంక్షన్‌కు పంపాడు. పూర్ణాలు పెట్టిన ఇంటివాళ్లు బజారులో నిలబడి మాట్లాడారు. సేటు ముక్కు కిరాయికి ఇచ్చిండని ఎదురు దుకాణమాయన నవ్వాడట.

ఇదంతా ఆయన మాకు చెప్పింది కాదు. తర్వాత వాళ్ల ఆవిడ సిస్టర్‌కు చెప్పింది. ఆయన మాకు చెప్పింది ఒకే మాట.

"మా తాత ముక్కు, మా నాయిన ముక్కు. నా దగ్గరికొచ్చి పోయింది సార్. వస్తదంటే కోయుండ్రి. రాదంటే నెయ్యి గిన్నె బోర్లిస్త, ఉప్పు పప్పు అమ్ముకుంట."

ఈఎన్‌టీ డాక్టరు లోపల చూశాడు. రెండు వైపులా తొక్క తీసిన ద్రాక్షపళ్లలాంటి కండలు నిండిపోయి ఉన్నాయి. తీస్తే గాలి ఆడుతుంది, తలనొప్పి తగ్గుతుంది, వాసన మాత్రం గట్టిగా చెప్పలేను అన్నాడు. సేటు అందులో మొదటి రెండూ విన్నట్టు లేదు. ఎప్పుడు రమ్మంటరు అని అడిగాడు.

ఆపరేషన్‌కు ముందు పేషెంట్‌ను ప్రశ్నలు అడగాల్సింది నేను. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఉబ్బసం ఉందా, ఇదివరకు ఆపరేషన్ అయిందా, ఏమైనా మందులు వాడుతున్నారా. రోజూ అడిగే ప్రశ్నలు కాబట్టి అడుగుతూనే రాసేసేవాణ్ని. నిజం చెప్పాలంటే, కొన్నిసార్లు జవాబు రాకముందే "లేవు" అని రాసేవాణ్ని. సేటు అన్నిటికీ "ఏం లేవు సార్" అన్నాడు. వాళ్లావిడ చాయ్ ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెను నేను ఏమీ అడగలేదు. రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూసే పరీక్ష కాగితం కూడా వచ్చింది. మా ల్యాబ్ కుర్రాడి కాగితాల్లో ఊరందరి రక్తం ఒకే సమయానికి ఆగేది. అది కూడా నాకు తెలుసు. కాగితం పిన్ను కొట్టాను.

ఆపరేషన్ రోజు నాకు సంగారెడ్డిలో ఇంకో కేసు ఉంది. పట్టీలు పెట్టిన ఏడెనిమిది నిమిషాలకే ఇక చాలన్నాను. "ఇంకా కాలేదు సార్" అంది సిస్టర్. చాలులే అన్నాను. ఆమె పట్టీలు లెక్కపెడుతూ తీసింది.

కుడివైపు మొదలైంది. మొదటి కండ బయటికి వచ్చింది. దాని వెనకే రక్తం. మామూలుగా కొంచెం వస్తుంది, పట్టీ పెడితే ఆగుతుంది. ఇది ఆగలేదు. పట్టీ తీస్తే మళ్లీ వచ్చింది. అదేమీ ధారగా కాదు, చెమట పట్టినట్టు ప్రతిచోటా ఊరుతోంది. ఈఎన్‌టీ డాక్టరు గొట్టం తీసి తుడిచి మళ్లీ పెడుతున్నాడు. గొట్టం ముంచే వేడినీళ్ల గిన్నెను సిస్టర్ మార్చింది. నేను తల ఇంకా ఎత్తించాను. బీపీ చూశాను, బాగానే ఉంది. ఇంజెక్షన్ ఇంకొంచెం ఇచ్చాను. అరగంట గడిచేసరికి తిమ్మిరి దిగింది. సేటు మూలగడం మొదలుపెట్టాడు. అప్పుడు బీపీ పెరిగింది. నేను పైన చెప్పిన చక్రం నా కళ్లముందే మొదలైంది.

"సార్, పొడిగా లేదు" అన్నాడు ఈఎన్‌టీ డాక్టరు. నా మాటను నాకే అప్పజెప్పాడో, మామూలుగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

ఇంకాసేపు చూసి గొట్టం పక్కన పెట్టేశాడు. ఆపేద్దాం అన్నాడు. ఆ వయసులో, కొత్తగా పేరు వస్తున్న రోజుల్లో, పని సగంలో ఆపడానికి ధైర్యం కావాలి. మీరు ఆపరేషన్లు చేసేవాళ్లయితే, బాగా చేసినవాటికంటే అలా ఆపిన రోజును గుర్తుపెట్టుకోండి. ముక్కు నిండా గుడ్డ కుక్కి కట్టు కట్టాం. సేటు నోటితో ఊపిరి తీసుకుంటూ, "అయిపాయెనా సార్?" అని అడిగాడు. సిస్టర్ చెప్పింది. "సగమైంది సేటూ. సగం ఉంది."

నేను స్కూటర్ ఎక్కి సంగారెడ్డి పోయాను. ఏడెనిమిది నిమిషాల సంగతి దారంతా గుర్తొచ్చింది. కాని ఎవరితోనూ అనలేదు. ఈఎన్‌టీ డాక్టరు బీపీ నేను చూసుకోలేదనుకున్నాడు. అతను లోపల ఎక్కడో గట్టిగా లాగాడని నేను అనుకున్నాను. మర్నాడు ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, చెరో పేపరు చదువుతూ చాయ్ తాగాం. పేపరు ఒకటే. అతని దగ్గర బయటి కాగితం, నా దగ్గర లోపలి కాగితం. సిస్టర్ రెండుసార్లు వచ్చి చూసి పోయింది.

సేటుకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. వాసన తెలియని మనిషి, పైగా ముక్కు నిండా గుడ్డ. ఆయనకంటే తగినవాడు ఆ మంచానికి మళ్లీ దొరకడని ఆయమ్మలు నవ్వుకున్నారు.

నాలుగింటికి సిస్టర్ మమ్మల్ని ఇద్దరినీ వార్డులోకి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. వెళ్లేసరికి సేటు భార్య మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసు, ఇంకో చేతిలో తలనొప్పి గోలీల పట్టీ. ఆమె గోలీ విప్పబోతుంటే సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపిందట. అట్లాగే నిలబెట్టి మాకోసం పంపింది.

"సార్‌కు చెప్పు వదినా. నాకు చెప్పింది మళ్ల చెప్పు" అంది సిస్టర్.

ఆమె భయపడింది. చాయ్ తాగేటప్పుడు గోలీ వేసుకోవడం ఆయనకు అలవాటని చెప్పింది. ఎన్ని చాయ్‌లు అని సిస్టరే అడిగింది. అంగడి రోజైతే ఐదారు, లేకుంటే నాలుగు. చాయ్‌కొక గోలీ. రెండేళ్లనుంచి. ఆపరేషన్ రోజు పొద్దున చాయ్ వద్దన్నారు కాబట్టి, ఉత్త నీళ్లతో వేసుకున్నాడు.

ఆ గోలీలో ఉండేది ఆస్పిరిన్. ఒక్కటి వేసుకున్నా వారం రోజులకు పైగా రక్తాన్ని సరిగా గడ్డకట్టనివ్వదు. ఆయన రోజుకు నాలుగు చొప్పున రెండేళ్లు మింగాడు. ముక్కు దిబ్బడ వల్ల తలనొప్పి, తలనొప్పికి గోలీ, ఆ గోలీ వల్ల ఇప్పుడు ముక్కుకు ఆపరేషన్ చేయలేని పరిస్థితి.

"మందులేమైనా వాడుతున్నారా అని నేను అడిగాను కదా" అన్నాను. నా గొంతు కొంచెం పెరిగిందేమో కూడా.

సేటు ముక్కు కట్టులోంచి, నోటితోనే, చాలా మర్యాదగా చెప్పాడు. "అడిగిన్రు సార్. మందులేం వాడ్తలేను. గిది మందేంది, దుకాణంల సామాను. బిస్కెట్ల డబ్బ పక్కన్నే ఉంటది."

ఈఎన్‌టీ డాక్టరు నావైపు చూశాడు. నేను అతనివైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. పేషెంట్ ముందు నవ్వకూడదని కిటికీ వైపు తిరిగాం. గాలి అటునుంచే వస్తోంది కాబట్టి నవ్వు తొందరగానే ఆగింది. సిస్టర్ మాత్రం నవ్వలేదు. గోలీల పట్టీ తీసి తన జేబులో వేసుకుంది.

బయటికొచ్చాక ఆమెతో, పట్టీలు తొందరగా తీయించింది కూడా తప్పేనని చెప్పాను. ఆమె, "అది నాకు తెలుసు సార్. గిది మీకు తెల్వదని చెప్పిన" అంది.

ఆ మర్నాడు ముక్కులో గుడ్డ తీయాలి. సైనస్ ఆపరేషన్లో పేషెంట్లు జన్మలో మరిచిపోనిది ఆ క్షణమే. ఆపరేషన్ నొప్పికి మా మందులున్నాయి. గుడ్డ తీసేటప్పుడు మేమెవరమూ ఉండేవాళ్లం కాదు. సిస్టర్ గోరువెచ్చని సెలైన్ చుక్కలు అరగంటసేపు పోసి, వేలెడు లాగి ఆగి, మళ్లీ లాగి, మధ్యలో చింతపండు ధర అడిగి, తీసింది. అయినా సేటు కళ్లనుంచి నీళ్లు కారాయి. ఇంటికి పోతూ, "ఇగ నేను రాను సిస్టరమ్మా. ఉప్పు పప్పే అమ్ముకుంట" అన్నాడట.

ఆయన వద్దంటే మేం చేయగలిగింది ఏమీ లేదు. కాని ఆ ముక్కు సగంలో ఉండటానికి కారణం నేను. వారం చూశాను. ఒకరోజు సంగారెడ్డి కేసు అయ్యాక స్కూటర్ పాత బజారు వైపు తిప్పాను.

అంగడి రోజు. సేటు గల్లా పెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఒకామె నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆయన చేతికి రుద్దుకున్నాడు. చెయ్యి వెనక్కి ఊపాడు. బస్తా మీదనుంచి ఒక దగ్గు వినిపించింది. ఆయన దూలం వైపు చూసి, మంచిదే, తూకం వెయ్యి అన్నాడు. అప్పుడు నన్ను చూశాడు. ముఖం మాడిపోయింది. వేషం వేస్తుండగా పట్టుబడిన మనిషి ముఖం అది.

లోపలికి పిలిచి స్టూలు వేశారు. చాయ్ తెచ్చారు. నేను దారంతా ఏం మాట్లాడాలో లోపలే అనుకుంటూ వచ్చాను. అక్కడ ఒక్కటే గుర్తొచ్చింది.

"తప్పు నాది. సరిగా అడగలేదు. మీరు అబద్ధం చెప్పలేదు" అన్నాను.

తలనొప్పి ఎట్లా ఉందని అడిగాను. గోలీ మానేసి తొమ్మిది రోజులైందని ఆయన భార్య చెప్పింది. వాటి బదులు మేమిచ్చినవే వేసుకుంటున్నాడట. తలనొప్పికి రాత్రిళ్లు కూర్చునే ఉంటున్నాడట. తలనొప్పి గోలీల సీసా ఇప్పుడు బిస్కెట్ల పక్కన లేదు. పైన, నిచ్చెన వేస్తేగాని అందని అరలో ఉంది. నేను దానివైపు చూడటం ఆమె చూసింది.

రాననుకున్న మనిషి గోలీలు ఎందుకు మానేస్తాడు? అప్పుడు అర్థమైంది నాకు. ఎవరైనా వచ్చి పిలవాలని ఉంది, అంతే.

"నొస్తే ఆపుతరా?" అన్నాడు సేటు.

"ఆపుతాం."

"నోట్లె గుడ్డలు కుక్కుతరు, నేను ఎట్ల చెప్పాలె నొస్తుందని?"

గుడ్డ పెట్టేది ముక్కులోనని చెప్పాను. కాని ఆయన అడిగింది న్యాయమే. మత్తులో జోగే మనిషి, ముఖం మీద బట్ట, ఒకరు ముక్కులో పనిచేస్తున్నారు. నొప్పి వచ్చిందని మూలిగేదాకా మాకు తెలియదు. మూలిగేసరికి బీపీ పెరిగిపోయి ఉంటుంది.

ఆయన భార్య బస్తా మీదనుంచే అంది. "నీ చెయ్యి సార్ చేతుల పెట్టు. ఒకసారి నొక్కితే నడవనియ్యుండ్రి. రెండుసార్లు నొక్కితే ఆపుండ్రి."

రెండో ఆపరేషన్ నాటికి గోలీ మానేసి రెండు వారాలు దాటింది. ఆ రోజు వేరే కేసు పెట్టుకోలేదు. సిస్టర్ వార్డులో గోడ గడియారం దింపి తెచ్చి, నా ఎదురుగా ట్రాలీ మీద ఆనించి పెట్టింది. పట్టీలు లెక్కపెడుతూ పెట్టి, "పదిహేను నిమిషాలయ్యేదాక ఎవ్వర్నీ తాకనియ్య. అందాక మీరు సేటుతోని మాట్లాడుండ్రి సార్" అంది.

నేను మాట్లాడటం. ఆమెకు నా సంగతి తెలిసే అంది. సేటు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాడి గట్టిగా కొట్టుకుంటోంది. ఏం అడగాలో తెలియక, మంచి నెయ్యి ఎట్లా తెలుస్తుంది అని అడిగాను. సేటు మొదలుపెట్టాడు. వెన్న ఎన్ని రోజులది, ఏ మంట మీద కాగింది, దించేటప్పుడు తమలపాకు వేశారా, బర్రె పచ్చగడ్డి తిన్నదా పత్తిగింజలు తిన్నదా, ఇవన్నీ వాసనలో ఎట్లా వేరువేరుగా ఉంటాయో చెప్పాడు. జోగుతూ కూడా చెప్పాడు. ఎనిమిదో నిమిషానికి నా వేళ్ల కింద నాడి నెమ్మదించింది. నా సంచిలో ఉన్న ఏ ఇంజెక్షనూ అంత శుభ్రంగా పనిచేయడం నేను చూడలేదు.

పని మొదలైంది. కుడివైపు మిగిలిన కండలు వచ్చాయి. రక్తం కొంచెం కనపడి, పట్టీ పెట్టగానే ఆగింది. మధ్యమధ్యలో సేటు నా వేళ్లను ఒకసారి నొక్కేవాడు. "నడవనియ్" అనేవాణ్ని పైకి. ఈఎన్‌టీ డాక్టరుకు మా ఒప్పందం తెలుసు. ఎడమవైపు లోపల, కంటి గోడకు దగ్గరగా ఉన్న చోట, సేటు రెండుసార్లు నొక్కాడు. ఇంకో అర నిమిషం చాలు అన్నాడు డాక్టరు. "రెండు" అన్నాను. అతను ఆపేశాడు. సిస్టర్ కొత్త పట్టీలు పెట్టింది. గడియారం చూస్తూ ఐదు నిమిషాలు నలుగురమూ ఊరికే ఉన్నాం. మళ్లీ మొదలుపెట్టినప్పుడు సేటు ఒక్కసారే నొక్కాడు.

అన్నీ అయ్యాక డాక్టరు గొట్టం నా చేతికిచ్చి చూడమన్నాడు. గులాబీ రంగు గది, లోపలికి ఇంకో గది. ఎక్కడా ఎరుపు లేదు. "పొడిగా ఉంది సార్" అన్నాడు. ఈసారి ఎట్లా అన్నాడో నాకు తెలుసు. సిస్టర్ పట్టీలన్నీ వచ్చాయని చెప్పింది. ముక్కులో ఈసారి చిన్న గుడ్డే పెట్టారు. అది తీసేటప్పుడు నేను కూడా ఉన్నాను.

ఇంత జరిగినా వాసన రాలేదు. వారం, రెండు వారాలు. తలనొప్పి పోయింది, గాలి బ్రహ్మాండంగా ఆడుతోంది. సేటు వచ్చి చూపించుకుని, "అన్ని మంచిగున్నయి సార్, అదొక్కటే" అని వెళ్లిపోయేవాడు. రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. సేటు కూడా ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

నేను నేర్చుకున్నది మాత్రం ఆ రోజుల్లోనే అమల్లోకి వచ్చింది. మా ప్రశ్నల కాగితం అడుగున సిస్టర్ తన చేతిరాతతో ఒక వరస చేర్చింది: "చాయ్‌తో ఏం వేసుకుంటరు? ఇంటోళ్లను కూడ అడగాలె." కాగితం అయిపోయినప్పుడల్లా జిరాక్స్ తీయించేవాళ్లం. చివరిదాకా ఆ చేతిరాత అలాగే ఉంది. ఎన్నెన్ని గోలీలు బయటపడ్డాయో. ఫౌండ్రీలో పనిచేసేవాళ్లు, లారీ డ్రైవర్లు, బడి పంతుళ్లు. వీళ్లెవరూ మందులు వాడని మనుషులే. పోయినేడు సిస్టర్‌ను హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒక చిన్న డాక్టరమ్మ కంప్యూటర్‌లో చూస్తూ ప్రశ్నలు అడిగింది. సిస్టర్ అన్నిటికీ చెప్పి, ఇంకా ఆగింది. అయిపోయాయమ్మా అని ఆ పిల్ల అంటే, "అసలుది అడగలే బిడ్డా" అంది. తర్వాత అరగంటసేపు ఆ పిల్లకు ఈ కథ చెప్పింది. ఊపిరి అందడం లేదు, అయినా చెప్పింది.

సేటు రెండో ఆపరేషన్ అయ్యాక నాలుగో వారమో ఐదో వారమో, ఒక పొద్దున వార్డులో ఉన్నాం. సిస్టర్, నేను, ఈఎన్‌టీ డాక్టరు. గాలి ఫ్యాక్టరీల వైపునుంచి ఉంది. మెట్లమీద చప్పుడైంది. సేటు పైకి వస్తున్నాడు. తువ్వాలు మడత పెట్టి ముక్కుకు రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక ఆయన భార్య.

ఇన్ని వారాలకు రక్తమా, అనుకున్నాను. ఈఎన్‌టీ డాక్టరు లేచి నిలబడ్డాడు. సిస్టర్ గుడ్డ పట్టీల ట్రే అందుకుంది.

"ఎప్పటినుంచి వస్తోంది?" అన్నాను.

"ముత్తంగి దాటినంక మొదలైంది సార్" అన్నాడు సేటు తువ్వాలులోంచి.

"ఎంత వచ్చింది?"

"చానా వచ్చింది. బస్సుల కూసుండలేకపోయిన."

సిస్టర్ ఆయన చేతులు పట్టుకుని తువ్వాలు కిందికి లాగింది. తెల్లగా ఉంది. ఒక్క మరక లేదు. ఆయన ముఖం చిట్లించుకుని, మళ్లీ తువ్వాలు లాక్కుని ముక్కుకు పెట్టుకున్నాడు. వెనక ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అప్పటికిగాని మా ముగ్గురికీ అర్థం కాలేదు.

సేటు వెళ్లి కిటికీ పక్కన ఉన్న తన పాత మంచం మీద కూర్చున్నాడు. అంతలోనే లేచాడు.

"సిస్టరమ్మా, ఏం కంపు గిది. మనుషులెట్ల ఉంటరు గిక్కడ? ఆ కిటికి జెర ముయ్యుండ్రి."

సిస్టర్ ట్రే కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లింది. రెక్క మీద చెయ్యి వేసింది. వేసి, అట్లాగే నిలబడింది.

"రెండు నిమిషాలు ఉండనియ్ సేటూ" అంది.